ఇంటికీ ఒక సిబిల్ ఉంటుంది: పెట్టుబడి లేనివాడి పాత ఇళ్ల వ్యాపారం

కర్నూలు పాతబస్తీలో గానీ, అనంతపురం పాతూరులో గానీ, కడపలో బుగ్గవంక పక్క వీధుల్లో గానీ కాసేపు తిరిగితే అలాంటి ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. గేటుకు తుప్పు, గోడ మీద ఎప్పుడో రాసిన ‘అమ్మబడును’, దాని కింద సగం చెరిగిపోయిన ఫోన్ నంబరు. చుట్టుపక్కల స్థలాల ధర పెరుగుతూ పోయినా ఆ ఇంటిని ఎవరూ ముట్టుకోరు. ఎందుకని అడిగితే ఆ వీధిలో ఎవరైనా చెబుతారు. అన్నదమ్ముల్లో ఒకాయన బెంగళూరులో ఉన్నాడు, సంతకానికి రాడు. లేదంటే ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉంది. లేదంటే స్లాబ్ కారుతోంది, పైగా కింది పోర్షన్‌లో భోగ్యానికి, అంటే అద్దెకు బదులు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి ఉన్నవాళ్లు తమ డబ్బు చేతిలో పెడితే తప్ప కదలమంటున్నారు.

ఇలాంటి ఇల్లు తక్కువకు కొని, బాగుచేసి, తిరిగి అమ్మి లాభం తీసుకోవడాన్ని అమెరికాలో హౌస్ ఫ్లిప్పింగ్ అంటారు. చేతిలో డబ్బు లేకపోయినా, పాత అప్పులు ఎలా కట్టామో చెప్పే సిబిల్ స్కోరు పడిపోయినా ఈ వ్యాపారం మొదలుపెట్టొచ్చని చెప్పే వీడియోలకు కొదవ లేదు. వాటిలో ఒక సంగతి సాధారణంగా దాటిపోతుంది. అక్కడ ఇల్లు బాగుచేశాక ఎంత పలుకుతుందో అంచనా కట్టి, ఆ ఇంటి మీదే కొన్ని నెలలకు అప్పిచ్చే ప్రైవేటు సంస్థలు ఉన్నాయి. అప్పు అడిగే మనిషి స్కోరు కన్నా ఇంటి విలువను అవి ఎక్కువగా చూస్తాయి. సీమ టౌన్లలో ఆ స్థానంలో ఉన్నది ప్రోనోటు. నెలకు నూటికి రెండు రూపాయలు, మనిషి ఇబ్బందిలో ఉన్నాడని పసిగడితే మూడు. రెండు రూపాయలంటే వినడానికి చిన్నదే. ఏడాదికి లెక్కేస్తే 24 శాతం.

ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. ధరలు ఊహించుకున్నవే గానీ రిజిస్ట్రేషన్ శాతం నిజమైనది. కర్నూలులో ఒక పక్క వీధిలో మూడు సెంట్ల పాత ఇల్లు 30 లక్షలకు బేరం కుదిరింది అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో సేల్ డీడ్ మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. అన్నీ కలిపి ఏడున్నర, అంటే 2 లక్షల 25 వేలు. బ్రోకర్‌కు ఒక శాతం చొప్పున 30 వేలు. మరమ్మతులకు 4 లక్షలు. ఇప్పటికి 36 లక్షల 55 వేలు దిగింది. ఎనిమిది నెలలకు ఇల్లు 42 లక్షలకు అమ్ముడైంది, అమ్మేటప్పుడు బ్రోకర్‌కు మరో 42 వేలు. సొంత డబ్బు పెట్టినవాడికి 5 లక్షల 3 వేలు మిగులుతుంది. అదే మొత్తమంతా రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడికి నెలకు 73 వేల 100 వడ్డీ, ఎనిమిది నెలలకు 5 లక్షల 84 వేల 800. ఇల్లు 12 లక్షలు ఎక్కువకు అమ్మి కూడా 81 వేల 800 చేతినుంచి పడుతుంది. ఈ లెక్కలో ఇంకా ఆదాయపు పన్ను కలపలేదు.

ఆ ఎనిమిది నెలలు కూడా ఆశ మీద వేసిన అంకే. మేస్త్రీ మధ్యలో వేరే పని ఒప్పుకుంటే ఒక నెల పోతుంది. ఇల్లు సరిగ్గా ఆషాఢంలో తయారైతే కొనేవాళ్లు శ్రావణం వచ్చేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వరు. మూఢం వస్తే అంతే, పుష్యమాసంలోనూ అంతే. పంచాంగానికి సెలవులు ఉంటాయి గానీ వడ్డీకి ఉండవు. అందుకే పనులు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మేస్త్రీ తీరికను బట్టి కాకుండా, పని ముగిశాక మంచి రోజులు ఎన్ని ఉంటాయన్నదాన్ని బట్టి ఖరారు చేసుకోవాలి.

మరి స్కోరు బాగుంటే బ్యాంకు లోనుతో గట్టెక్కవచ్చా? 30 లక్షల లోపు గృహ రుణానికి ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం వరకే ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఇల్లు 10 లక్షలు దాటితే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. పై ఇంటికి బ్యాంకు నిండుగా 27 లక్షలు ఇచ్చినా మిగతా 3 లక్షలు, రిజిస్ట్రేషన్, మరమ్మతులు కలిపి 9 లక్షల 25 వేలు సొంతంగా చూసుకోవాలి. పాత ఇళ్లకు బ్యాంకులు నిండుగా ఇవ్వడం అరుదు కూడా. కాబట్టి సిబిల్ లేకపోవడం వల్ల పోయింది అనుకున్నంత పెద్దదేమీ కాదు. చేతిలో డబ్బు లేనివాడికి 780 స్కోరు ఉన్నా ఈ తలుపు సగమే తెరుచుకుంటుంది.

అసలు చూడాల్సిన స్కోరు వేరే ఉంది. పై ఉదాహరణలోని ఇల్లు 30 లక్షలకు ఎందుకు దొరికింది, 42 లక్షలకు ఎందుకు పోయింది? నాలుగు లక్షల పనికి పన్నెండు లక్షల ధర రంగు వల్ల రాదు. టౌన్‌లో ఇల్లు కొనే ఉద్యోగి, టీచరు, గల్ఫ్ నుంచి వచ్చినవాడు, వీళ్లలో ఎక్కువమందికి బ్యాంకు లోను కావాలి. బ్యాంకు లాయరు లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) చూసి అడ్డం చెబితే ఆ ఇంటిని కొనగలిగేది మొత్తం నగదు ఉన్నవాళ్లే. వాళ్లు ఊళ్లో పదిమంది ఉంటారు, పదిమందీ బేరం బాగా తెలిసినవాళ్లే. ధర అక్కడ పడిపోతుంది. అదే ఇంటికి బ్యాంకు లోను వచ్చేలా కాగితాలు చక్కబడితే కొనేవాళ్లు వందమంది అవుతారు. లాభం పుట్టేది ఆ తేడాలోనే. కొనే వ్యాపారికి సిబిల్ ఉందా లేదా అన్నదాని కన్నా ఇంటికి సిబిల్ ఉందా, లేకపోతే తెప్పించగలమా అన్నదే ఈ వ్యాపారం.

కాగితాల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఇల్లు ఆగిపోయేది వారసుల దగ్గర. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతాడు. కొడుకులు ముగ్గురూ సంతకాలు పెట్టడానికి సిద్ధం, ఆడపిల్లల ఊసు ఎవరూ ఎత్తరు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో కూతుళ్లకు సమాన వాటా 1956 నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించి పెళ్లయినవాళ్లకూ ఆ హక్కు వర్తింపజేసింది. ముస్లిం కుటుంబాల్లో వాటాల లెక్క వేరు, అయినా కూతురికి వాటా అక్కడా ఉంది. కర్నూలు, కడప పాత వీధుల్లో పనిచేసేవాడు ఈ రెండు లెక్కలూ తెలుసుకోవాలి. ‘మా అక్కలకు పెళ్లప్పుడే ఇచ్చేశాం’ అన్న మాట బ్యాంకు లాయరు దగ్గర చెల్లదు. ఆ అక్కలు హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేసిస్తే చెల్లుతుంది. ఆదోనిలో ఒకామెను, తాడిపత్రిలో ఒకామెను కలిసి, టీ తాగి, వాళ్లకు రావాల్సింది మాట్లాడి, ఒకే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకురావడం ఓపిక కావాల్సిన పని. డబ్బున్నవాళ్లు ఈ తిరుగుడు తిరగరు. డబ్బు లేనివాడి చేతిలో ఉన్న సరుకు సరిగ్గా అదే, తిరిగే కాలు, మాట్లాడే నోరు.

రెండో చోటు నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూముల సర్వే నంబర్లు ఉంటాయి. సీమలో డీకేటీ పట్టా అని పిలిచేది ఈ అసైన్డ్ బాపతే, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి. వాటి అమ్మకాన్ని నిషేధించిన చట్టం 1977 నుంచి ఉంది. ఊరు పెరిగి ఆ భూముల్లో ఇళ్లు లేచాయి, కరెంటు మీటరు వచ్చింది, ఇంటి పన్ను రసీదు కూడా వచ్చింది. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే ఎంత చవకగా వచ్చినా కొత్తవాడు అక్కడినుంచి వెనక్కి తిరిగి వచ్చేయడమే. జాబితా నుంచి ఆ నంబరును తప్పించడం ఏళ్లు పట్టే వ్యవహారం.

ఈసీలో కనబడనివి కూడా ఉంటాయి. యజమాని ఒరిజినల్ డాక్యుమెంట్లు ఎవరి దగ్గరో కుదువ పెట్టి చేబదులు తెచ్చుకుని ఉండొచ్చు. జిరాక్సులు చూపించి ‘ఒరిజినల్స్ మా బావ దగ్గర భద్రంగా ఉన్నాయి’ అంటే ఆ బావను కలిసి రావాల్సిందే. భోగ్యం మాట కూడా అంతే, తెల్ల కాగితం మీద రాసుకున్న భోగ్యం ఈసీకి ఎక్కదు, మనిషి మాత్రం ఇంట్లో ఉంటాడు. సివిల్ కోర్టులో కేసు ఉందేమో లాయరు చేత చూపించుకోవాలి. అన్నీ సవ్యంగా ఉన్నా స్థానిక ఎడిషన్‌లో పేపర్ ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడగడానికి అయ్యే ఖర్చు, తర్వాత పడే టెన్షన్‌తో పోలిస్తే ఏమంత కాదు.

ఇక ఇంటి పని. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు కంటికి కనిపించేదాని మీద ఖర్చు పెట్టడం. చెమ్మ పట్టిన గోడకు పుట్టీ, మీద రంగు వేస్తే ఒక్క వానాకాలానికే పెచ్చులూడిపోతుంది. కొన్నవాడు అదే వీధిలో ఉంటాడు, పేరు పోవడానికి ఒక్క ఇల్లు చాలు. ముందు స్లాబ్ వాటర్‌ప్రూఫింగ్, తర్వాత పైపులు, కొత్త వైరింగ్ ఎర్తింగ్‌తో సహా, ఏసీ పాయింట్. ఆ తర్వాతే రంగు. పాత ఇళ్లలో బేతంచెర్ల బండలో తాడిపత్రి బండలో పరిచి ఉంటే వాటిని పీకి టైల్స్ వేయాలని బేల్దారి వెంటనే సలహా ఇస్తాడు. మే నెలలో ఆ బండల మీద పడుకున్నవాళ్లకు తెలుసు వాటి విలువ. బాగున్న బండలకు పాలిష్ పట్టిస్తే ఖర్చు తగ్గుతుంది, ఇల్లు చల్లగానూ ఉంటుంది. అలికిన మట్టి మిద్దె అయితే మాత్రం మరమ్మతు ఆలోచన మానుకుని స్థలం ధరకే లెక్క కట్టాలి.

వాస్తు నమ్మకం ఉన్నా లేకున్నా అమ్మేవాడికి అది ఖర్చుల జాబితాలో ఒక పద్దు. ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉన్న ఇంటిని చూడ్డానికి వచ్చినవాళ్లు వంటింటిదాకా కూడా రాకుండా వెళ్లిపోతారు. దాన్ని వాయవ్యానికి మార్చడం, సెప్టిక్ ట్యాంకు పూడ్చి వేరేచోట తవ్వడం అయ్యే పనే. వీధిపోటు, స్థలం వంకర మార్చలేనివి, వాటికి ధర కొనేటప్పుడే తగ్గించుకోవాలి. నీళ్ల సంగతి ఊరిని బట్టి మారుతుంది. అనంతపురంలో బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలం నీళ్లు ఉంటాయా అన్నది మొదటి ప్రశ్న. కర్నూలులో హంద్రీ, తుంగభద్ర పక్క కాలనీల్లో ప్రశ్న తిరగబడుతుంది, 2009 అక్టోబర్ వరదలో నీళ్లు ఎంతదాకా వచ్చాయి? ఇన్నేళ్ల తర్వాతా కొనేవాళ్లు అది అడుగుతారు. దాచిపెట్టి లాభం లేదు, పక్కింటివాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

డబ్బు లేకుండా ఇదంతా చేయడానికి ఉన్న దారుల్లో అన్నిటికన్నా మెరుగ్గా కనిపించేది ఇల్లు కొనకుండానే చేసే పద్ధతి. యజమానితో ఒప్పందం: ఇల్లు ఇప్పుడున్న స్థితిలో 30 లక్షలు. కాగితాలు చక్కబెట్టి, మరమ్మతు చేయించి, కొనేవాణ్ని తెచ్చే బాధ్యత వ్యాపారిది. అమ్మాక మొదట 30 లక్షలు యజమానికి, తర్వాత ఖర్చులు, మిగిలినదాంట్లో చెరిసగం. పై అంకెలే పెడితే 42 లక్షల్లో 30 పోగా 12. మరమ్మతు 4 లక్షలు, బ్రోకర్ 42 వేలు, ఆ నాలుగు లక్షలు రూపాయి వడ్డీకి బంగారం మీద తెచ్చి ఉంటే ఎనిమిది నెలలకు 32 వేలు తీసేస్తే 7 లక్షల 26 వేలు. సగం 3 లక్షల 63 వేలు. సొంత డబ్బు 36 లక్షలు పెట్టినవాడికి వచ్చిందేమో 5 లక్షలు. మధ్యలో ఒక రిజిస్ట్రేషన్ తప్పింది కాబట్టే ఈ లెక్క నిలబడుతుంది.

యజమాని ఎందుకు ఒప్పుకుంటాడు? ఏళ్లుగా అమ్ముడుపోని ఇల్లు కాబట్టి, తన చేతినుంచి రూపాయి పోదు కాబట్టి. అతని భయం ఒక్కటే, ఇల్లు చేజారిపోతుందేమోనని. పేరు మార్పిడి లేదన్న మాట ఆ భయాన్ని తీరుస్తుంది. ఎదురు భయం వ్యాపారిది: ఇల్లు తళతళలాడాక యజమాని ‘ఇక అమ్మను, మా అబ్బాయి ఉంటాడట’ అంటే? అందుకే ఒప్పందం నోటిమాటగా ఉండకూడదు. తగిన స్టాంపు పేపర్ మీద, యజమానితోపాటు వారసులందరి సంతకాలతో, గడువు, ఖర్చు పరిమితి, మనసు మార్చుకుంటే మరమ్మతు ఖర్చుకు మించి ఎంత ఇవ్వాలి అన్నవి రాసి ఉండాలి. బిల్లులు ఏ వారానికావారం యజమానికి చూపించి సంతకం తీసుకుంటే చివర్లో గొడవ ఉండదు. అమ్మకం మీద పన్ను యజమానికి, వచ్చిన వాటా మీద పన్ను వ్యాపారికి పడుతుంది కాబట్టి రాత ముందే ఆడిటర్ చూడాలి.

బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాయించుకుని, గడువు లోపల ఇంకొకరికి చూపించి లాభం తీసుకునే పద్ధతి కూడా ఈ టౌన్లలో పాతదే. రెండు లక్షల బయానాతో 30 లక్షల ఇంటిని చేతిలో పెట్టుకోవచ్చు, నిజమే. అయితే అగ్రిమెంట్ వల్ల ఇంటి మీద హక్కు రాదు, రిజిస్టర్ చేయించుకోమని అడిగే హక్కే వస్తుంది. గడువు తప్పితే బయానా పోతుంది. మరమ్మతు కోసం తాళాలు తీసుకుని, స్వాధీనం ఇచ్చినట్టు రాస్తే సేల్ డీడ్‌కు పడే స్టాంపు డ్యూటీయే ఆ అగ్రిమెంట్‌కూ పడుతుంది. జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాయించుకుని ఇల్లు మనదైపోయిందనుకోవడం ఇంకా ప్రమాదం. జీపీఏ మీద జరిగే అమ్మకంతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

బ్యాంకు వేలాల గురించి గొప్పగా చెబుతారు గానీ డబ్బు లేనివాడి దారి అది కాదు. పాట దక్కిన వెంటనే, ఆలస్యమైతే మరుసటి పనిదినానికల్లా, ధరలో 25 శాతం కట్టాలి. మిగతాది మామూలుగా 15 రోజుల్లో. పైగా ఇల్లు ఎలా ఉంటే అలా తీసుకోవాలి, లోపల పాత యజమాని ఉంటే ఖాళీ చేయించే తలనొప్పి తోడవుతుంది.

మరమ్మతుకు కావాల్సిన మూడు నాలుగు లక్షలకు బంగారం అన్నిటికన్నా చవక. స్కోరు బాగాలేకున్నా బంగారం మీద అప్పు పుడుతుంది, రిజిస్టర్డ్ చిట్‌లో ఇప్పటికే ఉన్నవాడికి పాట ఇంకో దారి. డైలీ ఫైనాన్స్ జోలికి మాత్రం పోకూడదు, ఇల్లు అమ్ముడయ్యేదాకా రోజూ కట్టడానికి ఆదాయం ఎక్కడినుంచి వస్తుంది?

పడిపోయిన స్కోరును ఈలోపు వదిలేయనక్కర్లేదు. సీమలో చాలామందికి అది సొంత దుబారా వల్ల పడింది కాదు. మాఫీ అవుతుందని రెన్యువల్ చేయకుండా వదిలేసిన పంట రుణం, బామ్మర్ది ట్రాక్టరుకు పెట్టిన జామీను సంతకం, ఇలాంటివే ఎక్కువగా బయటపడుతుంటాయి. నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పు ఉంటే ఫిర్యాదు చేయొచ్చు, 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. పాత బకాయిని బ్యాంకుతో తగ్గించి మాట్లాడుకుంటే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, రేపు లోను అడిగినప్పుడు అది మచ్చే. కుదిరితే మొత్తం కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోవడమే మేలు.

నగదు గురించి ఒక మాట. ప్రభుత్వ విలువకు రిజిస్టర్ చేసి మిగతాది సంచిలో తెచ్చిచ్చే అలవాటు పాతుకుపోయింది. సొంతింటికి కొనేవాడు దాంతో ఎలాగో నెట్టుకొస్తాడు, తిరిగి అమ్మేవాడు ఇరుక్కుంటాడు. కొన్న ధర కాగితం మీద తక్కువ, లోను కోసం కొత్త కొనుగోలుదారు పూర్తి ధర రాయమంటాడు, కాబట్టి రాని లాభానికి పన్ను పడుతుంది. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం అసలు నిషేధం, తీసుకున్నంత మొత్తం జరిమానాగా వేయొచ్చు. కొన్న 24 నెలల లోపు అమ్మితే లాభం మామూలు ఆదాయంలో కలుస్తుంది. వరసగా ఇళ్లు కొని అమ్ముతుంటే వ్యాపార ఆదాయంగానే చూస్తారు.

చివరగా కర్నూలులో తరచూ వినిపించే పుకార్ల బేరం. 2019 డిసెంబరులో న్యాయ రాజధాని మాట రాగానే ఊరి చుట్టూ స్థలాలకు రెక్కలొచ్చాయి, 2021 నవంబరులో అందుకోసం చేసిన మూడు రాజధానుల చట్టం వెనక్కి పోయింది. 2024 నవంబరులో హైకోర్టు బెంచ్ కోసం శాసనసభ తీర్మానం చేసింది, మళ్లీ మాటలు మొదలయ్యాయి. ఇలాంటి వార్త మీద స్థలం కొని కూర్చోగలిగినవాడికి వడ్డీ లేని డబ్బు ఉండాలి. అది లేనివాడు జోహరాపురం వైపో బుధవారపేట వైపో, కారే స్లాబ్ కింద బకెట్లు పెట్టుకుని ఉన్న ఇంటి తలుపు కొట్టడం మేలు. అదీ వాన పడిన మరుసటి రోజే వెళ్లాలి. చెమ్మ ఎక్కడెక్కడ ఉందో గోడలే చూపిస్తాయి, ధర మాట్లాడే ఓపిక ఇంటాయనకూ ఆ రోజే ఎక్కువ ఉంటుంది. అనంతపురంలో అయితే ఆ వాన కోసం కాస్త ఎదురుచూడాల్సి రావచ్చు.